వైడ్ టీవీలో పాత గేములు: బోర్డర్ పెడితే మారియో పేరులో మొదటి అక్షరం మాయం

కొర్లగుంట, తిరుపతి నుంచి:

అందరికీ నమస్కారం. గంగజాతరకు మా తమ్ముడు బెంగళూరు నుంచి వస్తున్నాడు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే జాయ్‌స్టిక్ కోసం కొట్టుకుంటూ మారియో, కాంట్రా ఆడేవాళ్లం. కేసెట్లు పెట్టి ఆడే ఆ డబ్బా ఎప్పుడో పాడైపోయింది. వాడికి చెప్పకుండా మా ఆయన పాత ల్యాప్‌టాప్‌లో రెట్రోఆర్క్ (పాత గేములు ఆడించే సాఫ్ట్‌వేర్) వేసి, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 43 అంగుళాల టీవీకి తగిలించాను.

మొదట బొమ్మ టీవీ అంతా సాగిపోయి వచ్చింది. మారియో అడ్డంగా ఉబ్బిపోయాడు. పక్కల్లో బోర్డర్ పెడితే సరిపోతుందని ఎవరో చెప్పారు. చెక్క టీవీ లాంటి బొమ్మ ఒకటి దించి ఓవర్లేలో (ఆట మీద ఇంకో బొమ్మ పరిచే చోట) పెట్టాను. బోర్డర్ బ్రహ్మాండంగా వచ్చింది, మారియో మాత్రం అలాగే ఉబ్బి ఉన్నాడు. పైగా ఎడమవైపు పైన మారియో అనే ఇంగ్లిష్ పేరులో ఎమ్ కనిపించడం లేదు, కుడివైపు టైమ్ అనే మాటలో చివరి ఈ లేదు. వాడు వచ్చేలోపు సరి చేయాలి. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

చిత్తూరు నుంచి:

అక్కా, మీరు ఆ రెండు అక్షరాలు చెప్పడం మంచిదైంది, తప్పు ఎక్కడుందో వాటిలోనే తెలిసిపోయింది.

ఆ గేము బొమ్మ అడ్డంగా 256 చుక్కలు (పిక్సెల్స్). అక్షరాలన్నీ 8 చుక్కల గళ్లలో కూర్చుంటాయి, అంటే వరసకు 32 గళ్లు. మీ టీవీ వెడల్పు 1920. బోర్డర్ రెండు పక్కలా చెరో 240 తీసుకుంటుంది, అంటే ఒక్కో పక్క ఎనిమిదో వంతు. బొమ్మ టీవీ అంతా సాగి ఉంటే 32లో ఎనిమిదో వంతు, అంటే అటు నాలుగు గళ్లు, ఇటు నాలుగు గళ్లు బోర్డర్ కిందకి పోతాయి. ఎమ్ ఎడమ నుంచి నాలుగో గడిలో ఉంటుంది. టైమ్‌లో ఈ కుడి నుంచి నాలుగో గడి. రెండూ సరిగ్గా అంచు కిందే పడ్డాయి.

బోర్డర్ అనేది బొమ్మను చిన్నది చేయదు. మధ్యలో కంత ఉన్న అట్ట ముక్కను టీవీ మీద ఆనించినట్టు, అంతే. బొమ్మను ఆ కంతలో సరిపెట్టే పని మనదే. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది బోర్డర్ చెడిపోయిందనుకుని ఇంకోటి, మరోటి దించుకుంటూ పోతారు.

సెట్టింగ్స్‌లో వీడియోకి, అందులో స్కేలింగ్‌కి వెళ్లండి. ఆస్పెక్ట్ రేషియో (వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి) 16:9 అని ఉంటుంది, దాన్ని 4:3 చేయండి. బొమ్మ 1440 వెడల్పు, 1080 ఎత్తుకు వచ్చి మధ్యలో నిలబడుతుంది. రెండు పక్కలా మిగిలేది సరిగ్గా చెరో 240. అక్కడే ఇంటీజర్ స్కేల్ అని ఒకటి ఉంటుంది, ప్రస్తుతానికి ఆఫ్‌లో ఉంచండి. అది ఆన్ అయితే 240 చుక్కల ఎత్తును సరిగ్గా నాలుగింతలే, అంటే 960కే పెంచుతుంది. చుక్కలన్నీ సమానంగా, ముచ్చటగా ఉంటాయి కానీ పైనా కిందా 60 చొప్పున ఖాళీ మిగిలి బోర్డర్‌కీ బొమ్మకీ మధ్య నల్ల సందు కనిపిస్తుంది.

చెక్క టీవీ బోర్డర్ అన్నారు కాబట్టి ఇంకో మాట. అలాంటి వాటిలో కంత 1440 కంటే చిన్నగా ఉండొచ్చు. ఆ పీఎన్‌జీ బొమ్మను పెయింట్‌లో తెరిచి, కంత ఎడమ పై మూల మీద మౌస్ బాణం పెట్టండి. కింద ఎడమ పక్కన రెండు అంకెలు కనిపిస్తాయి. కుడి కింది మూల దగ్గర కూడా చూసి రాసుకోండి. ఆస్పెక్ట్ రేషియోలో కస్టమ్ ఎంచుకుని, మొదటి రెండు అంకెలను ఎక్స్, వై దగ్గర, తేడాలను వెడల్పు, ఎత్తు దగ్గర ఇవ్వండి. కంతకు ఒక చుక్క కూడా అటూ ఇటూ కాదు.

రేణిగుంట నుంచి:

అన్న చెప్పింది చేశాక కూడా బోర్డర్ బయటి అంచులు తెగినట్టు కనిపిస్తే, రెట్రోఆర్క్‌ను ఏమీ అనొద్దండి. అది టీవీ చేసే పని. పాత డబ్బా టీవీల కాలం నుంచి వచ్చిన అలవాటు, బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కత్తిరిస్తుంది. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజ్ దగ్గర స్క్రీన్ ఫిట్ అనో, జస్ట్ స్కాన్ అనో ఉంటుంది, అది పెట్టండి.

ఇంకోటి, పాత ల్యాప్‌టాప్ స్క్రీన్ 1366 బై 768 అయి ఉండొచ్చు. రెండు తెరల్లో ఒకే బొమ్మ వచ్చేలా పెట్టుంటే టీవీకి కూడా అదే సైజు వెళ్లి, అన్న చెప్పిన లెక్కలేవీ కుదరవు. విండోస్ కీ, పీ కలిపి నొక్కి సెకండ్ స్క్రీన్ ఓన్లీ ఎంచుకుని, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920 బై 1080 ఉందో లేదో చూడండి.

కొర్లగుంట నుంచి:

వచ్చేసింది! ఎమ్ వచ్చింది, ఈ వచ్చింది, మారియో సన్నబడ్డాడు. టీవీలో స్క్రీన్ ఫిట్ కూడా పెట్టాను. చాలా చాలా థ్యాంక్స్ అన్నా.

కానీ ఇప్పుడు కొత్త టెన్షన్. గేమ్‌బాయ్ అడ్వాన్స్ గేము పెట్టినా ఇదే చెక్క టీవీ వస్తోంది, బొమ్మ 4:3లోకి నలిగిపోతోంది. ప్యాక్‌మ్యాన్ పెడితే ఇంకా ఘోరం. ఒక్కో గేముకు ఒక్కో బోర్డర్ పెట్టుకోవడం కుదురుతుందా? ప్రతిసారీ మార్చుకోవాలా?

చిత్తూరు నుంచి:

ప్రతిసారీ మార్చక్కర్లేదు. ఓవర్‌రైడ్స్ అని ఉంది, దానికోసమే. అయితే వరస ముఖ్యం, నేను మొదట్లో ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నది ఇక్కడే.

ఓవర్‌రైడ్ ఫైలు అసలు సెట్టింగ్‌కీ, ఇప్పటి సెట్టింగ్‌కీ ఉన్న తేడాను మాత్రమే రాసుకుంటుంది. మీ చెక్క టీవీ ఇప్పటికే అసలు సెట్టింగ్‌లోకి ఎక్కేసింది. ఇప్పుడు సేవ్ చేస్తే తేడా ఏమీ లేదు కాబట్టి బోర్డర్ సంగతి అందులో ఉండదు. అందుకని ముందు ఏ గేమూ తెరవకుండా ఓవర్లే ఆఫ్ చేసి, ఆస్పెక్ట్ రేషియోని కోర్ ప్రొవైడెడ్ చేసి, బయటికి రండి. మళ్లీ తెరిచి మారియో పెట్టి, 4:3, బోర్డర్ రెండూ ఇచ్చి, క్విక్ మెనూలో ఓవర్‌రైడ్స్‌కి వెళ్లి కంటెంట్ డైరెక్టరీ ఓవర్‌రైడ్ సేవ్ చేయండి. ఆ ఫోల్డర్‌లో ఉన్న గేములన్నింటికీ అదే వర్తిస్తుంది. కాబట్టి ఒక్కో మెషీన్ గేములు ఒక్కో ఫోల్డర్‌లో పెట్టుకోండి.

గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెర 240 బై 160, అంటే 3:2. ఆరింతలు చేస్తే 1440 బై 960, దానికి ఇంటీజర్ స్కేల్ చక్కగా నప్పుతుంది. పాత గేమ్‌బాయ్ 160 బై 144, ఏడింతలకు 1120 బై 1008. ఈ బోర్డర్ల ఆలోచన మనవాళ్ల కొత్త పిచ్చి అనుకునేరు. 1994లో నింటెండో సూపర్ గేమ్‌బాయ్ అనే కేసెట్ తెచ్చింది. గేమ్‌బాయ్ ఆటను టీవీలో చూపిస్తూ, చుట్టూ మిగిలిన చోట బొమ్మల అంచు వేసేది.

ప్యాక్‌మ్యాన్ వేరే కథ. 1980లో వచ్చిన ఆ మెషీన్‌లో టీవీని నిలువుగా నిలబెట్టి బిగించారు. దాని నిష్పత్తి 3:4. మన టీవీలో 1080 ఎత్తుకు 810 వెడల్పే వస్తుంది, పక్కన చెరో 555 మిగిలిపోతుంది. దానికి ఆ ఒక్క గేముకే, గేమ్ ఓవర్‌రైడ్ సేవ్ చేయండి.

తిరుచానూరు నుంచి:

ఒక జాగ్రత్త చెప్పాలి. టీవీ ఓఎల్ఈడీ అయితే కదలని బోర్డర్‌ను గంటల తరబడి ఉంచొద్దు, దాని అచ్చు తెర మీద శాశ్వతంగా ఉండిపోయే ప్రమాదం ఉంది. ముదురు రంగులు వాడి, ఓవర్లే ఒపాసిటీ తగ్గించుకోండి. మామూలు ఎల్ఈడీ టీవీకి అంత భయం అక్కర్లేదు. ఎలాగూ కాస్త మసక బోర్డరే మంచిది. తెల్లగా మెరిసే బోర్డర్ పక్కనుంటే కన్ను ఆట మీద నిలవదు.

శ్రీకాళహస్తి నుంచి:

అమ్మా, చెక్క టీవీ బోర్డర్లు ఎక్కడైనా దొరుకుతాయి. మన ఊరి కలంకారీ అంచుతో చేసుకోండి, ఎంత బాగుంటుందో! నేను మా ఇంట్లో పాత దుప్పటా అంచుతో చేశాను.

పొద్దున్నే, ఎండ తగలని వరండాలో గుడ్డను ముడతల్లేకుండా పరిచి, ఫోన్‌ను సరిగ్గా పైన పట్టుకుని తీయండి. ఏటవాలుగా తీస్తే అంచు గీత వంకరపోతుంది. దగ్గర నుంచి తీస్తే కలం ఎక్కడ ఆగిందో కూడా తెలుస్తుంది. నల్లగీత ఒక్కో చోట సన్నగా పోయి, చేయి నిలిచిన చోట చిన్న బొట్టులా లావవుతుంది. ఆ నలుపు బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి చేసిన కసిమి. టీవీలో అంత పెద్దగా చూస్తే నాకు చేత్తో తడమాలనిపించింది.

గింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో 1920 బై 1080తో పారదర్శకంగా కొత్త బొమ్మ తెరిచి, ఎడమ 240లో అంచు పెట్టి, దాన్నే అద్దంలోలా తిప్పి కుడిపక్క పెట్టండి. మధ్యలో 1440 ఖాళీగా ఉండాలి. వెలుతురు సగానికి పైగా తగ్గించండి. ఆటకు ఆనుకునే చోట సన్నటి నల్ల నీడ ఇస్తే బొమ్మ లోపల కూర్చున్నట్టు ఉంటుంది. పీఎన్‌జీగానే సేవ్ చేయాలి, జేపీజీలో పారదర్శకత ఉండదు, మధ్యలో తెల్ల గోడ వచ్చేస్తుంది. తర్వాత మీ చెక్క టీవీ సీఎఫ్‌జీ ఫైలును (ఏ బొమ్మ వాడాలో రెట్రోఆర్క్‌కి చెప్పే చిన్న ఫైలు) కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో బొమ్మ పేరు ఒక్కటి మార్చి, రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. ఓవర్లే మెనూలో ఆటో స్కేల్ ఉంటే ఆఫ్ చేయండి. అది జాయ్‌స్టిక్ బొత్తాల ఓవర్లేల కోసం పెట్టింది.

కొర్లగుంట నుంచి:

ఓవర్‌రైడ్స్ అన్నీ కుదిరాయి, మారియోకి ఒకటి, గేమ్‌బాయ్‌కి ఒకటి. రాత్రి కూర్చుని మా అమ్మ కలంకారీ చీర ఫోటో తీశాను. పైటలో పెద్ద నెమలి ఉంది, అదే పెడదామనుకున్నా. 240లో పెడితే తోక అంతా పోయి మెడ మాత్రమే మిగులుతోంది. మొత్తం పట్టేలా నొక్కితే నెమలి కొంగలా అయిపోతోంది. ఏం చేయాలి?

శ్రీకాళహస్తి నుంచి:

నొక్కొద్దమ్మా, మారియోకి జరిగిందే నెమలికీ జరుగుతోంది! 240 బై 1080 అంటే వెడల్పుకు నాలుగున్నర రెట్ల పొడవు, అందులో నెమలి ఇమడదు. మారియోకి చీర అంచులో తీగ ఉంటుంది కదా, అది పెట్టండి, పొడవునా అల్లుకుపోతుంది. నెమలిని ప్యాక్‌మ్యాన్‌కి దాచండి. అక్కడ ఒక్కో పక్క 555 ఉంది, తోకతో సహా నిలబడుతుంది. ఎడమపక్క ఒకటి, కుడిపక్క తిప్పి ఒకటి, రెండూ ఆటవైపు చూసేట్టు పెట్టండి. అయ్యాక ఫోటో తప్పకుండా పంపండి.