అప్‌డేట్: నాన్నగారి పై బీపీ ఎందుకు పెరిగిందో తెలిసింది

మా నాన్నగారికి కింది బీపీ 78 దగ్గరే ఉంటూ పైది మాత్రం 168 దాకా ఎందుకు వెళ్తోందని ఆమధ్య అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

"వాడే మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి" అన్న సలహాయే పనికొచ్చింది. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో కొనుక్కుని రోజూ వేసుకుంటున్న డైక్లోఫెనాక్ స్ట్రిప్పు చూడగానే డాక్టరుగారు, "ఇదెన్నాళ్లనుంచి?" అన్నారు. ఈ రకం మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయట, దాంతో బీపీ పెరుగుతుందట. వయసుకి రక్తనాళాలు బిరుసెక్కడం ఎలాగూ ఉంది, ఇది దానికి తోడైంది. అది ఆపించి, పారాసిటమాల్, మోకాలి వ్యాయామాలు చెప్పారు. బీపీకి చిన్న డోసు మాత్ర కూడా మొదలుపెట్టారు.

ఇంట్లో చేసినవి పొద్దున నడక, ఉప్పు తగ్గింపు. మొత్తం రోజుకి 5 గ్రాముల లోపే అన్నారు, అంటే ఒక టీస్పూను. కూరల్లో తగ్గినా ఊరుకున్నారు గానీ పెరుగన్నంలోకి మాగాయ లేదంటే మాత్రం పెద్ద గొడవే!

థైరాయిడ్, కిడ్నీ టెస్టులు నార్మల్. ఇంట్లో బీపీ మెషీన్ తప్పు చూపిస్తోందేమో అని మీలో కొందరు అన్నారు కదా, క్లినిక్ మెషీన్‌తో పోల్చి చూశాం, సరిగ్గానే ఉంది. బీపీ తగ్గడానికి పచ్చి వెల్లుల్లి తినమన్న సలహాతో మాకైతే తేడా కనిపించలేదు.

ఇప్పుడు 134/76 దరిదాపుల్లో ఉంటోంది. మాత్ర కొనసాగించమన్నారు.