ఇంట్లో కంప్యూటర్‌కి ఫ్రీ యాంటీవైరస్ ఏది వేసుకోమంటారండి?

కొబ్బరిడొక్క:
అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర ఊరు, నాన్నగారిది కొబ్బరి వ్యాపారం. ఏ తోటలో ఎన్ని వేల కాయ దింపించారు, వెయ్యి కాయ ఎంతకెళ్ళింది, దింపుడోళ్ళకి ఎంతిచ్చారు, ఇవన్నీ రోజూ సాయంత్రం ఎక్సెల్‌లో ఎక్కించేది నేనే, అదే కంప్యూటర్‌లో మా చెల్లి డిగ్రీ ప్రాజెక్టు, ఇంటిల్లిపాది ఫోటోలు కూడా ఉన్నాయి. పాతదేనండి, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, విండోస్ 10.

కిందటి వారం అడంగల్, వన్‌బీ ప్రింట్లు తీయిద్దామని పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ షాపుకెళ్ళాను, ఇంటికొచ్చి పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయున్నాయి, ఒక్కోటీ 1 కేబీ. తెలీక ఒకదాని మీద డబుల్ క్లిక్ కూడా కొట్టేశాను. ఇది కాకుండా కింద కుడిపక్క మూల ఎర్రగా "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని టింగుమని వస్తానే ఉంది, మొన్న నాన్నగారు అది చూసి కంగారుపడిపోయి అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేయబోతుంటే చెల్లి ఫోన్ లాక్కుంది. తెలిసినాయన ఒకాయన వచ్చి ఒక ఫ్రీ యాంటీవైరస్ వేశాడు, ఒకటి చాలదులే అని ఇంకోటీ వేశాడు, ఇప్పుడు స్విచ్చి నొక్కి పొయ్యి మీద పాలు పెడితే పాలు పొంగి కిందకొచ్చేస్తున్నాయి గానీ డెస్క్‌టాప్ మాత్రం రావట్లేదు. షాపాయనేమో ఏడాదికింత అని కట్టేది వేయించుకోమంటున్నాడు. అవాస్ట్, ఏవీజీ, అవీరా, బిట్‌డిఫెండర్ ఈ నాలుగింట్లో ఏది మంచిదో కాస్త చెప్పండి, పుణ్యముంటుంది.

చెరువుగట్టు:
ముందు ఆ రెండూ తీసెయ్ తమ్ముడూ. ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లంటే ఒక చెరువుకి ఇద్దరు కాపలావాళ్ళని పెట్టి ఒకళ్ళకొకళ్ళని చెప్పకపోవడం లాంటిది, రాత్రంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు టార్చిలైట్ వేసుకుంటా కూర్చుంటారు. నువ్వు ఏ ఫైల్ తెరిచినా రెండూ చదవాలి, మామూలు హార్డ్ డిస్క్ మీద అది చాలు చంపెయ్యడానికి.

నీకు యాంటీవైరస్ ఆల్రెడీ ఉంది. విండోస్ 8 నుంచీ, అంటే 2012 నుంచి డిఫెండర్ విండోస్‌తో పాటే వస్తుంది, బయటది ఏదైనా వేస్తే అది తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది, అవి తీసేస్తే మళ్ళీ లేస్తుంది. కాబట్టి రెండూ అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టి సెట్టింగ్స్‌లో విండోస్ సెక్యూరిటీ తెరువు, పచ్చ టిక్ ఉందో లేదో చూడు. ముందు అప్‌డేట్ నొక్కి, తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో "డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్" అని ఉంటుంది, అది పెట్టు. షార్ట్‌కట్ మీద నొక్కానన్నావు కదా, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నది దొరికే ఛాన్సు ఎక్కువ. పావుగంట అని రాసుంటుంది, నీ డిస్క్‌కి ఇంకాస్త పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా చూసుకో.

పెన్‌డ్రైవ్ సంగతి: ఫైల్స్ ఎక్కడికీ పోలేదు, దాచేసిందంతే. వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టు, ఫోల్డర్ ఆప్షన్స్‌లో "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" టిక్ తీసెయ్, అసలు ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్ ఒకటి ఉండి అన్నీ అందులో కూరేసి ఉంటాయి. పీడీఎఫ్‌లు, ఫోటోలు, నీకు కావాల్సినవి మాత్రం కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టెయ్. షార్ట్‌కట్‌ని మాత్రం ముట్టుకోకు.

పాతకాపు:
నేను మాత్రం పదేళ్ళ పైనుంచి అవాస్ట్ ఫ్రీ వాడుతున్నానండి, ఒక్క వైరస్ రాలేదు. డిఫెండర్ అంటే ఊరికే ఇచ్చిన గొడుగు లాంటిది, నాకు నమ్మకం లేదు. అవాస్ట్ రోజుకి రెండు సార్లు "అప్‌గ్రేడ్ చేయండి" అని అడుక్కుంటుంది, అదొక్కటే చిరాకు.

లంకకుర్రోడు:
@పాతకాపు గారూ, డిఫెండర్ గురించి మీరన్నది విండోస్ 7 రోజుల్లో నిజమేనండి, ఇప్పుడు కాదు. జర్మనీలో ఏవీ-టెస్ట్ అని, ఆస్ట్రియాలో ఏవీ-కంపారిటివ్స్ అని ఉన్నాయి, వీటికి పరీక్షలు పెట్టేది వాళ్ళే, కొన్నేళ్ళుగా డిఫెండర్ అక్కడ డబ్బులు కట్టేవాటి పక్కనే కూర్చుంటోంది. ఒక్క లోపం ఉంది, అది ఎక్కువగా నెట్ మీద ఆధారపడుతుంది, నెట్ లేనప్పుడు పట్టుకోవడం తగ్గుతుందని ఆ ఆస్ట్రియా వాళ్ళ టెస్టుల్లోనే కనిపిస్తుంది. మనకి తుఫాను వస్తే రెండ్రోజులు నెట్ ఉండదు కదా, అలాంటప్పుడు ఎవరి పెన్‌డ్రైవూ పెట్టకండి, అంతే.

అవాస్ట్ సంగతికొస్తే, వైరస్ పట్టుకోవడంలో వంక పెట్టక్కర్లేదు. కానీ వాడేవాళ్ళు ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు జంప్‌షాట్ అనే తన సొంత కంపెనీ ద్వారా అమ్మింది, 2020 జనవరిలో బయటపడి దాన్ని మూసేశారు, 2024లో అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ఇంకో తమాషా వినండి, పైన తమ్ముడు నాలుగు పేర్లు అడిగాడు కదా, అందులో మూడు ఒకే ఇల్లు. ఏవీజీని అవాస్ట్ 2016లో కొనేసింది, అవీరాని 2021లో నార్టన్ వాళ్ళు కొన్నారు, 2022లో ఆ నార్టన్, అవాస్ట్ కలిసిపోయి జెన్ అని పేరు పెట్టుకున్నాయి. సంతలో మూడు కొట్ల దగ్గర బేరమాడి తిరిగితే చివరికి ముగ్గురూ ఒకే షావుకారు కొడుకులని తేలినట్టు. మిగిలింది బిట్‌డిఫెండర్, రొమేనియా వాళ్ళది, అకౌంట్ తెరవమంటుంది గానీ గోల తక్కువ. బయటది వేసుకోవాల్సిందే అనుకుంటే నేను దాన్నే వేసుకుంటాను.

మూలన ఎర్రగా వచ్చేది వైరస్ కాకపోవచ్చు తమ్ముడూ. ఏదో సైట్‌లో "అలౌ నొక్కండి" అంటే మీ ఇంట్లో ఎవరో నొక్కి ఉంటారు, క్రోమ్ నోటిఫికేషన్ అది. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకెళ్ళి ముక్కూ మొహం తెలియని సైట్లన్నీ తీసెయ్. ఆ నంబరుకి ఫోన్ చేస్తే మీ కంప్యూటర్ మేం చూస్తాం అని దూరం నుంచే మీ కంప్యూటర్ నడిపే రిమోట్ యాప్ ఎక్కిస్తారు, తర్వాత బ్యాంకు ఖాతా దాకా వస్తారు. చెల్లికి స్వీటు కొనిపెట్టు. ఎవరైనా అప్పటికే డబ్బులు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

డీటీపీ_పాలకొల్లు:
ఆయ్, ఏ యాంటీవైరస్సు అని కొట్టుకుంటున్నారు గానీ నా కథ వినండి. నా కంప్యూటర్‌లో డిఫెండర్ శుభ్రంగా ఉంది. మూడేళ్ళ కిందట శ్రావణమాసం ముందు, పెళ్ళి కార్డుల పని ఎక్కువగా ఉన్న టైములో, ఒక ఫోటోల సాఫ్ట్‌వేర్‌కి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా నడిపించే దొంగ ఫైలు, దింపాను. దాంతో పాటు ఒక నోట్ వచ్చింది, "యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి" అని. ఆపేశాను! నా చేత్తో నేనే ఆపేశాను! అరగంటలో ప్రతి ఫైల్ పేరు చివర నాలుగక్షరాలు కొత్తవి వచ్చి చేరాయి, ఏదీ తెరుచుకోదు, ప్రతి ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్, 980 డాలర్లు కట్టు, 72 గంటల్లో అయితే సగానికి 490 అని. మనకి డిస్కౌంటు కూడానండీ. కట్టలేదు. ఆరేళ్ళ కార్డు డిజైన్లు పోయాయి, మా పెద్దమ్మాయి బారసాల ఫోటోలు పోయాయి, వాటికోసం మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే ఆదివారం ఆదివారం ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి కాపీ పెట్టి వైరు పీకేసి బీరువాలో పెడతాను. వైరు పీకడం ముఖ్యం, తగిలించి ఉంచితే దాన్నీ తినేస్తుంది. డిఫెండర్‌లోనే "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అని ఒకటుంది, మామూలుగా ఆపి ఉంటుంది, ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రాములు డాక్యుమెంట్లని, ఫోటోల్ని మార్చకుండా అడ్డుపడుతుంది. ఒక్కోసారి మంచి ప్రోగ్రామునీ ఆపుతుంది, అలౌ చేసుకోవాలి.

కొబ్బరిడొక్క:
అందరికీ థ్యాంక్సండి. రెండూ పీకేశాను, ఒకటి పోనని చాలా మొండికేసింది, దాని కంపెనీ సైట్‌లోనే తీసే టూల్ ఉంటే అది దింపి తీశాను. ఆఫ్‌లైన్ స్కాన్ 40 నిమిషాలు పట్టింది, రెండు దొరికాయి, తీసేసింది. ఎర్ర మెసేజ్ లంకకుర్రోడు అన్న చెప్పినట్టే క్రోమ్‌దే, ఏదో క్రికెట్ లైవ్ సైటు, నొక్కింది నాన్నగారే. స్పీడ్ పెరిగింది గానీ ఎక్కేటప్పుడు ఇంకా నసుగుతుంది. ఇంకో డౌటు, విండోస్ 10 ఆపేశారంటున్నారు కదా, మరి డిఫెండర్ కూడా ఆగిపోద్దా?

చెరువుగట్టు:
డిఫెండర్ ఆగదు, వైరస్ జాబితాల అప్‌డేట్లు విండోస్ 10కి 2028 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు. ఆగింది విండోస్ రిపేర్లు, 2025 అక్టోబర్ 14తో. గోడకి కన్నం పడితే పూడ్చేవాడు లేడు, వాకిట్లో కుక్క మాత్రం ఉంది అనుకో. ఇంట్లో వాడుకునేవాళ్ళకి ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఊరికే ఇస్తారు, విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. విండోస్ 11 మీద ఆశ పెట్టుకోకు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు, ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ జనరేషన్ అడుగుతుంది, నీది పాతదన్నావు.

షాపాయన అడిగిన ఏడాది డబ్బులు ఉంచుకుని దాని మీద ఇంకాస్త వేసి ఆ హార్డ్ డిస్క్ బదులు వేగంగా ఉండే చిన్న ఎస్ఎస్‌డీ డిస్క్ వేయించు, నీ నసుగుడు అక్కడుంది, యాంటీవైరస్‌లో కాదు.

కొబ్బరిడొక్క:
సరే అన్నా. మరి ప్రింట్లకి మళ్ళీ ఆ షాపుకే వెళ్ళాలి కదా, మా ఊళ్ళో ఉన్నది అదొక్కటే.

లంకకుర్రోడు:
ఇంట్లో మూలన పడున్న చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి దానికే కేటాయించు. ఆ పూట కావాల్సిన పీడీఎఫ్ ఒక్కటే వేసుకెళ్ళు, వచ్చాక లోపల ఏముందో చూడకుండా ఫార్మాట్. నాది 2 జీబీది, మూత కూడా లేదు, దారం కట్టి మేకుకి వేలాడదీశాను, "షాపుది" అని రాసుంటుంది.