సాఫ్ట్‌బాక్స్ వాడినా నీడలు గట్టిగానే పడుతున్నాయి

ప్రశ్న: 60 సెం.మీ. మడత సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే తెర పెట్టె), ఒకే స్పీడ్‌లైట్ (చిన్న కెమెరా ఫ్లాష్). మనిషికి 2 మీటర్ల దూరంలో పెట్టాను. ముక్కు నీడ కత్తితో కోసినట్టుంది, నుదురు మెరుస్తోంది. ఏం మార్చాలి?

జవాబు: ముందు దగ్గరికి జరపండి. అంత దూరం నుంచి 60 సెం.మీ. తెర చిన్న దీపంతో సమానం. 70–80 సెం.మీ.కి, ఫ్రేమ్ అంచు దాకా తెచ్చి, కంటికి కాస్త పైనుంచి వంచండి.

జవాబు: ఫ్లాష్ జూమ్ (వెలుగు ఎంత వెడల్పుగా పడాలో మార్చే సెట్టింగ్) కూడా చూడండి అన్నా. 85 మి.మీ. దగ్గర ఉండిపోతే తెర నడుమ మాత్రమే వెలుగుతుంది, అంచులు చీకటే. మాన్యువల్‌లో 24కి పెట్టి, లోపలి తెర కూడా తగిలించండి. దానివల్ల కొంత వెలుగు పోయినా పర్లేదు. దూరం సగమైతే రెండు స్టాపులు, అంటే నాలుగింతల వెలుగు, తిరిగొస్తాయి.

జవాబు: ఆరుబయటైతే స్టాండుకి ఇసుక సంచి కట్టండి, గాలికి సాఫ్ట్‌బాక్స్ తెరచాపే. ఎండలో హై స్పీడ్ సింక్ (బాగా వేగమైన షట్టర్‌తో ఫ్లాష్ వాడే పద్ధతి) ఫ్లాష్ పవర్‌ని బాగా తినేస్తుంది. షట్టర్ 1/200 సెకను దగ్గరే ఉంచి, ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వెలుగు తగ్గించే నల్ల అద్దం) వేయడం నయం.