కిల్ -9 కొట్టినా చావని బ్యాకప్ ప్రాసెస్, లోడ్ 33, సీపీయూ ఖాళీ. ఏం చేయాలి?

రాత్రిషిఫ్ట్
అందరికీ నమస్తే. క్లయింట్ లినక్స్ సర్వర్‌లో రోజూ రాత్రి ఒంటిగంటకి క్రాన్‌లో (టైముకి పనులు మొదలుపెట్టే షెడ్యూలర్) బ్యాకప్ స్క్రిప్ట్ నడుస్తుంది. డేటాబేస్ డంప్ తీసి, ఎన్ఎఫ్ఎస్ మౌంట్‌లోకి (నెట్‌వర్క్‌లో వేరే సర్వర్ డిస్క్‌ని ఇక్కడ ఫోల్డర్‌లా తగిలించినది) కాపీ చేయడమే దాని పని. మామూలుగా గంటలోపే అయిపోతుంది. ఇవాళ పొద్దున చూస్తే ఈ రాత్రిదే కాదు, నిన్నటిది కూడా ఇంకా నడుస్తూనే ఉంది. లోడ్ యావరేజ్ 33. సీపీయూ మాత్రం దాదాపు ఖాళీ. ముందు కిల్ 15 (మర్యాదగా ఆగమనడం) పంపాను, తర్వాత -9 (బలవంతంగా చంపడం) పంపాను, కదలట్లేదు. మేనేజర్ రీబూట్ చేసేయమంటున్నాడు. అదే సర్వర్‌లో బిల్లింగ్ కూడా ఉంది, అందుకే టెన్షన్. రీబూట్ తప్ప దారి లేదా?

పాతకెర్నల్
రీబూట్ సంగతి తర్వాత. ముందు అది దేనికోసం ఆగిందో చూడండి. పీఎస్ కమాండ్‌లో పీఐడీ (ప్రాసెస్ నంబర్), స్టాట్ (దాని స్థితి), ఈటైమ్ (ఎంతసేపటి నుంచి నడుస్తోందో), డబ్ల్యూచాన్ (ఆపరేటింగ్ సిస్టమ్ కోర్ అయిన కెర్నల్‌లో ఎక్కడ ఆగిందో) కాలమ్స్ అడిగి, వచ్చింది ఇక్కడ పెట్టండి. స్టాట్‌లో 'డి' ఉంటే అది కెర్నల్ లోపల డిస్క్ కోసమో నెట్‌వర్క్ స్టోరేజ్ కోసమో ఎదురుచూస్తోందని అర్థం. ఆ స్థితిలో మీరు పంపిన సిగ్నల్ దాని ఖాతాలో పడి ఉంటుంది కానీ, సిస్టమ్ కాల్ (అది కెర్నల్‌ని అడిగిన పని) తిరిగి వచ్చేదాకా పనిచేయదు. మీరు యాభైసార్లు -9 కొట్టినా అంతే.

లోడ్ విషయానికొస్తే, లినక్స్‌లో లోడ్ యావరేజ్ అంటే సీపీయూ వాడకం ఒక్కటే కాదు. 'డి'లో ఉన్నవాటినీ అది లెక్కేస్తుంది. సీపీయూ ఖాళీగా ఉండి లోడ్ 33 ఉందంటే, ముప్పైకి పైగా ప్రాసెస్‌లు ఎక్కడో ఇరుక్కున్నాయన్నమాట. మీరు రెండే చెప్పారు, మిగతావి ఏంటి?

రాత్రిషిఫ్ట్
మీరన్నట్టే ఉందండీ. చూడండి:

పీఐడీ 21874, స్టాట్ డి, ఈటైమ్ 1-07:42:10, డబ్ల్యూచాన్ వెయిట్_ఆన్_పేజ్_బిట్, కమాండ్ సీపీ (కాపీ చేసేది)

ఈ రాత్రి బ్యాకప్ కూడా ఇదే తీరు. మిగతావన్నీ 'డీఎఫ్' కమాండ్లే! గంటకోసారి డిస్క్ ఎంత నిండిందో చూసే స్క్రిప్ట్ ఒకటి ఉంది, అది పెట్టినవి. వాటి డబ్ల్యూచాన్‌లో ఆర్పీసీ_వెయిట్_బిట్_కిల్లబుల్ అని ఉంది.

పాతకెర్నల్
కాపలాకి పెట్టినవాడే గుమ్మానికి అడ్డం పడుకున్నాడన్నమాట. ఈ 'డీఎఫ్' కథ చాలాచోట్ల చూశాను. చచ్చిన ఎన్ఎఫ్ఎస్ మౌంట్‌ని తాకిన ప్రతి డీఎఫ్, ప్రతి ఎల్ఎస్ అక్కడే ఇరుక్కుంటుంది. ఆ పేరు చివర 'కిల్లబుల్' అని ఉంది చూశారా? 2008లో వచ్చిన 2.6.25 కెర్నల్ నుంచి ఎన్ఎఫ్ఎస్‌లో చాలా ఎదురుచూపులు -9కి లొంగుతాయి. డీఎఫ్‌లని చంపేయండి, లోడ్ దిగిపోతుంది. 'సీపీ' మాత్రం పేజీలు స్టోరేజ్‌కి రాయడం పూర్తవాలని చూస్తోంది, అది లొంగదు. ఇకపై ఆ స్క్రిప్ట్‌లో డీఎఫ్‌కి '-ఎల్' పెట్టండి, లోకల్ డిస్కులే చూస్తుంది.

ఇప్పుడు డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూడండి. 'సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రైయింగ్' అని ఉంటుంది. టాస్క్ 120 సెకన్లకి పైగా బ్లాక్ అయిందన్న లైన్ కూడా ఉండొచ్చు. 120 అనేది కెర్నల్ డిఫాల్ట్. ఆ లైన్‌కి ఒక అలర్ట్ పెట్టి ఉంటే నిన్న రాత్రే తెలిసేది.

గుంటూరుమిర్చి
యూమౌంట్ '-ఎల్' (బిజీగా ఉన్నా మౌంట్‌ని విడదీసే కమాండ్) కొట్టేస్తే పోదా? మా దగ్గర అదే చేస్తాం.

పాతకెర్నల్
మౌంట్ పేరు పోతుంది, కొత్తవి ఇరుక్కోవు. పాతవి అలాగే ఉంటాయి. రీబూట్ చేసినా అన్‌మౌంట్ దగ్గరే షట్‌డౌన్ ఆగిపోవచ్చు. అప్పుడు కన్సోల్ యాక్సెస్ కోసం డేటాసెంటర్ వాళ్లని బతిమాలుకోవాలి. అందుకే ముందు అవతలి సర్వర్ సంగతి, ఎన్ఎఫ్ఎస్ వాడే 2049 పోర్ట్ తెరిచి ఉందో లేదో చూడమంటాను.

ఇంకో మాట. ఎవరో ఒకరు 'సాఫ్ట్' మౌంట్ పెట్టేయమంటారు. బ్యాకప్ రాసే చోట వద్దు. అవతలివైపు పలక్కపోతే కాసేపటికి రైట్ ఎర్రర్‌తో వదిలేస్తుంది. ఆ ఎర్రర్‌ని స్క్రిప్ట్ పట్టించుకోకపోతే సగం ఫైలుని మంచి బ్యాకప్ అనుకుని దాచుకుంటారు. నాకైతే ఇరుక్కుపోయిన ప్రాసెసే నయం, కనీసం కనపడుతుంది.

డీబీఏ_అక్క
మంచి చర్చ. డేటాబేస్ వైపు నుంచి ఒకటి చెప్తాను, ఎందుకంటే '-9 కొట్టెయ్' అనే అలవాటు మా దగ్గరే ఎక్కువ నష్టం చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక క్వెరీ ఎక్కువసేపు నడుస్తోందని ఆ బ్యాకెండ్ ప్రాసెస్‌ని -9తో చంపితే, షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చని పోస్ట్‌మాస్టర్ (దాని ప్రధాన ప్రాసెస్) మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి క్రాష్ రికవరీకి పోతుంది. ఒక్క రిపోర్ట్ కోసం మొత్తం అప్లికేషన్ కూర్చుంటుంది. పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్ (క్వెరీని మాత్రమే ఆపుతుంది) ముందు, అది వినకపోతే పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ (ఆ కనెక్షన్‌నే తెంచుతుంది).

పైగా ఎక్కువసేపు నడిచేదీ, హ్యాంగ్ అయినదీ ఒకటి కాదు. ఇండెక్స్ కట్టడం గంటలు పట్టొచ్చు, అది పనే. 12వ వెర్షన్ నుంచి పీజీ_స్టాట్_ప్రోగ్రెస్_క్రియేట్_ఇండెక్స్ ఉంది, ఎన్ని బ్లాకులు అయ్యాయో చూపిస్తుంది. అంకె పెరుగుతుంటే ముట్టుకోవద్దు. నేను భయపడేది 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అని కనపడేవాటికి. అవి ఏ పనీ చేయవు, లాక్ మాత్రం పట్టుకుని కూర్చుంటాయి. వాటి వెనక ఒక ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణం మార్చే కమాండ్) వచ్చి ఆగితే, దాని వెనక మామూలు సెలెక్ట్‌లు కూడా లైన్ కడతాయి. వీటికోసమే 9.6లో ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ తెచ్చారు. డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, మీరే పెట్టుకోవాలి.

గుంటూరుమిర్చి
అక్కా, మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇంతేనా?

డీబీఏ_అక్క
చంపడం తేలికే తమ్ముడూ, కిల్ క్వెరీ అంటే చాలు. తర్వాతదే బాధ. ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్) గంటలు నడిచిన అప్‌డేట్‌ని ఆపితే రోల్‌బ్యాక్ (చేసిన మార్పులు వెనక్కి తీయడం) అంతకంటే ఎక్కువసేపు పట్టొచ్చు. ఆగలేక సర్వీస్ రీస్టార్ట్ చేసినా ఆ రోల్‌బ్యాక్ మళ్లీ కొనసాగుతుంది. అందుకే ముందు ఎన్ని వరుసలు మారాయో చూసి, చంపాలా వదిలేయాలా అని నిర్ణయించుకోవాలి.

డాలస్_నుంచి
మా టీమ్‌లో వేరే రకం. పైథాన్ స్క్రిప్ట్ ఒకటి బయటి ఏపీఐ నుంచి డేటా తెస్తుంది. స్టాట్ చూస్తే 'ఎస్', అంటే మామూలు నిద్ర. లాగ్‌లో ఎర్రర్ లేదు. ఎస్‌ట్రేస్ (ప్రాసెస్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే టూల్) తగిలిస్తే ఒక రీడ్ దగ్గర కర్సర్ ఆగిపోయింది, అంతే. నెట్‌వర్క్ కనెక్షన్లు చూపించే ఎస్ఎస్ కమాండ్‌లో కనెక్షన్ ఇంకా ఎస్టాబ్లిష్డ్ అనే ఉంది, అవతలివాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీకి మనం ఇవ్వకపోతే టైమౌట్ ఉండదు. టీసీపీ కీప్‌అలైవ్ (అవతలివాళ్లు ఉన్నారో లేదో అడిగేది) ఆన్‌లో ఉన్నా లినక్స్ డిఫాల్ట్ 7200 సెకన్లు, రెండు గంటల తర్వాతే మొదటి పలకరింపు. జావా వాళ్లైతే ఎస్‌ట్రేస్ బదులు జేస్టాక్ తీయండి, ఏ థ్రెడ్ ఏ లైన్‌లో ఉందో చెప్తుంది.

రాత్రిషిఫ్ట్
అప్‌డేట్. స్టోరేజ్ వాళ్లు ఫైర్‌వాల్ రూల్స్ మార్చారట, 2049 మూసుకుపోయింది. తెరిపించగానే ఆ రెండు 'సీపీ'లూ వాటంతట అవే పోయాయి, పొద్దున పంపిన -9 అప్పుడు అందింది. రీబూట్ అక్కర్లేకపోయింది. ఇప్పుడు అడగాల్సింది, మళ్లీ ఇలా రెండు రోజులు ఎవరూ చూడకుండా ఉండకూడదంటే ఏం పెట్టాలి?

పాతకెర్నల్
ఫ్లాక్ '-ఎన్'తో మొదలుపెట్టండి. నిన్నటిది ఉండగా ఇవాళ్టిది మొదలవదు. దాని మీద టైమౌట్ కమాండ్ వేయండి. '-కె 30' ఇస్తే ముందు 15 పంపి, 30 సెకన్లలో పోకపోతే -9 పంపుతుంది. గడువు దాటి ఆగిందంటే ఎగ్జిట్ కోడ్ 124 వస్తుంది, -9 దాకా వెళ్తే 137. 'డి'లో ఇరుక్కుంటే టైమౌట్ కూడా ఏమీ చేయలేదు. అందుకే అలర్ట్ ప్రాసెస్ మీద కాకుండా ఫలితం మీద పెట్టండి. బ్యాకప్ బాగా ముగిసినప్పుడు స్క్రిప్ట్ వేరే సర్వర్‌కి ఒక పింగ్ పంపాలి. ఫలానా టైముకి ఆ పింగ్ రాకపోతే ఫోన్ మోగాలి.

డాలస్_నుంచి
క్రాన్ బదులు సిస్టమ్‌డీ టైమర్‌కి మారితే ఫ్లాక్ అక్కర్లేదు, సర్వీస్ నడుస్తుండగా రెండోది మొదలవదు. ఒక మెలిక ఉంది. గరిష్ఠ గడువు పెట్టే రన్‌టైమ్‌మ్యాక్స్‌సెక్ అనేది వన్‌షాట్ సర్వీసులకి (ఒకసారి నడిచి ముగిసేవి) పనిచేయదు, టైమౌట్‌స్టార్ట్‌సెక్ పెట్టాలి. వన్‌షాట్‌కి అది డిఫాల్ట్‌గా ఆఫ్.

రాత్రిషిఫ్ట్
గడువు ఎంత పెట్టమంటారు? గంటలో అయిపోతుంది కాబట్టి గంటన్నర చాలా?

డీబీఏ_అక్క
రోజువారీ రన్ చూసి పెట్టకండి. మీది బిల్లింగ్ డేటా. మార్చి 31 రాత్రి ఎంత పట్టిందో పాత లాగ్‌లో చూడండి, దానికి రెట్టింపు పెట్టండి. గంటన్నర పెడితే సరిగ్గా ఏడాది లెక్కలు మూసే రాత్రి మంచి బ్యాకప్‌ని మీరే చంపుకుంటారు.