లేపాక్షి గోడపై ఎర్రటి మరకలు: విరూపణ్ణ కథకు పాత రూపాలు తెలిసినవారు చెప్పగలరా?

లేపాక్షి వీరభద్రాలయంలో, అసంపూర్తిగా నిలిచిన కల్యాణమండపానికి దగ్గరలో, గోడ మీద కనిపించే రెండు ఎర్రటి మరకలను విరూపణ్ణ కళ్ల గుర్తులని చెబుతారు. విజయనగర రాజు అచ్యుతదేవరాయల (పాలన 1529–1542) కోశాధికారిగా ఉన్న ఆయన రాజధనాన్ని అనుమతి లేకుండా గుడికి ఖర్చు చేశాడనీ, కళ్లు తీయించమన్న ఆజ్ఞ విని తానే పెకలించి గోడకు విసిరాడనీ మా అమ్మమ్మ చెప్పేది. చిన్నప్పుడు ఆ గోడ దగ్గరకు వెళ్లడానికే భయపడేదాన్ని. శాసనాల్లో ఆయన దాతగానే కనిపిస్తాడు గనుక, ఈ శిక్ష కథ ఎప్పుడు, ఎవరి నోట పుట్టిందో తెలుసుకోవాలని ఎంతో ఆరాటంగా ఉంది. హిందూపురం, పెనుకొండ ప్రాంతాల పెద్దల నుంచి దీన్ని వేరే విధంగా విన్నవారు, ముఖ్యంగా రాత్రివేళ ఆ మండపంలో ఆయన తిరుగుతాడన్న మాట విన్నవారు, దయచేసి విన్నది విన్నట్టుగా, ఏ ఊరిలో విన్నారో కూడా చేర్చి రాయగలరా?