మొదటి ఆర్‌సీ ట్రైనర్‌కి (రిమోట్‌తో ఎగరెయ్యడం నేర్చుకునే మోడల్ విమానం) 40 ఇంజినా, 46 ఆ? వైజాగ్‌లో ఎక్కడ ఎగరెయ్యాలి?

మధురవాడ_కుర్రాడు:
అన్నలూ, సిమ్యులేటర్ మీద చెయ్యి కుదిరింది. హై వింగ్ (రెక్క పైన ఉండే) బాల్సా చెక్క ట్రైనర్ చూశా, నాలుగు ఛానళ్ళు, 60 అంగుళాల రెక్క. ఇంజిన్ దగ్గరే ఆగా. 40 (అంటే 0.40 ఘనపు అంగుళాల సైజు) సరిపోతుందా, 46 కొననా? ముందు ఫోమ్ విమానం కొనమని కొందరంటున్నారు. బీచ్‌లో ఎగరెయ్యొచ్చా?

గ్లోప్లగ్_గాజువాక:
46 తీసుకో తమ్ముడూ. చాలా కంపెనీల్లో రెండూ ఒకే మౌంటుకి కూర్చుంటాయి. రెండున్నర కిలోల విమానాన్ని 40 కూడా లేపుతుంది గానీ, గడ్డి నేల మీద, ఎండాకాలం గాలిలో ఆ మిగులు బలం కావాలి. ప్రొపెల్లర్ 11×5 గానీ 11×6 గానీ పెట్టు. 40కైతే 10×6.

తొలి రెండు మూడు ట్యాంకులు నీడిల్ (ఇంధనం ఎంత పోవాలో సరిచేసే మర) కాస్త ఎక్కువ తెరిచి రిచ్‌గా, అంటే ఇంధనం ఎక్కువ పోయేలా నడుపు, వెనక తెల్లటి పొగ కనబడాలి. ఆ తర్వాత ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ముక్కు పైకెత్తి ఐదారు సెకన్లు పట్టుకో. మోత కుంగితే లీన్ అయినట్టే. ముక్కు లేచేసరికి ట్యాంకు ఇంజిన్ కన్నా కిందికి పోతుంది, ఇంధనం చాలదు. నీడిల్ రెండు మూడు క్లిక్కులు తెరువు. ఈ పని నేల మీద చెయ్యకపోతే టేకాఫ్ అయ్యి ఎక్కుతుండగా ఆగిపోద్ది, తిరిగొచ్చే ఎత్తు కూడా ఉండదు. నీడిల్ ముట్టుకునేది ప్రొపెల్లర్ వెనక నిలబడే.

ఇంధనంలో నైట్రోమీథేన్ 5–10 శాతం, నూనె 18–20 శాతం ఉండాలి, మిగతాది మెథనాల్. మెథనాల్ గాలిలో తేమ లాగేసుకుంటుంది. మన ఉక్కపోతకి డబ్బా మూత వదులైందా, ఇక ఐడిల్ (థ్రాటిల్ తగ్గించినప్పటి నిదానపు నడక) నిలబడదు. ఇంటికెళ్ళే ముందు ట్యాంకు వంచేసి, మిగిలింది కాలి ఇంజిన్ ఆగేదాకా నడిపి, కార్బ్యురేటర్‌లో నాలుగు చుక్కలు ఆఫ్టర్‌రన్ ఆయిల్ వెయ్యి. ఇది మానేస్తేనే ఇంజిన్ బేరింగులు తుప్పు పట్టేది.

భీమిలి_రడ్డర్:
నా ఓటు ఫోమ్‌కే. కిలో బరువు, 2200 ఎంఏహెచ్ 3ఎస్ (మూడు సెల్లుల) బ్యాటరీ, విరిగితే జిగురు. లోపం ఒక్కటే, సముద్రపు గాలి లేచాక తేలిక విమానం చేతికి చిక్కదు. పొద్దున్నే ఎగరేసి, గాలి లేవకముందే సర్దేసుకోవాలి.

బీచ్ మాత్రం వద్దు. ఇసుక కార్బ్యురేటర్‌లోకి పోతే సిలిండర్ గీతలు పడుతుంది, పైగా రుషికొండ వైపు జనం. ఇంకో మాట, పక్కనే నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది. డ్రోన్ రూల్స్ 2021 మోడల్ విమానాలకీ వర్తిస్తాయి. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎర్రగా ఉన్న చోట కేంద్రం అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు. మైదానం చూసుకున్నాకే విమానం కొను.

విమానం నీకు ఎదురొచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, ఏ రెక్క వాలితే ఆ వైపుకే స్టిక్ నెట్టు, లెవెల్ అవుతుంది.

మధురవాడ_కుర్రాడు:
థాంక్స్ అన్నా, 46 ఖాయం. ట్యాంకు ఏ ఎత్తులో పెట్టాలి? సీజీ (విమానం బరువు సమతూగే చోటు) చూసేటప్పుడు ఇంధనం ఉండాలా?

గ్లోప్లగ్_గాజువాక:
ట్యాంకు నడిమి గీత నీడిల్ వాల్వు ఎత్తుకి రావాలి, సెంటీమీటరు కిందున్నా పర్లేదు. చుట్టూ స్పాంజి చుట్టు, లేకపోతే వణుకుకి ఇంధనం నురగెత్తి బుడగలు ఇంజిన్‌లోకి పోతాయి. లోపలి క్లంక్ (ఇంధనం పీల్చే గొట్టం చివర ఉండే బరువు) వెనక గోడకి తగలకుండా అటూ ఇటూ ఊగాలి. సీజీ ఖాళీ ట్యాంకుతోనే చూడు. ట్యాంకు ముందుంటుంది కాబట్టి ఇంధనం అయ్యేకొద్దీ తోక బరువెక్కుతుంది, ల్యాండింగ్ అప్పుడు ఉండేది ఆ సీజీయే.