గృహరుణం ముందే తీర్చేయాలా, డబ్బు చేతిలో ఉంచుకోవాలా?

నిజాంపేట నివాసి:
షాద్‌నగర్ దగ్గర మా నాన్నగారు ఎప్పుడో కొన్న ప్లాటు అమ్మితే పన్నులు పోను 28 లక్షలు చేతికి వచ్చాయి. మేము ఉంటున్న ఫ్లాటు మీద ఇంకా 35 లక్షల అప్పు ఉంది. అందులో 25 లక్షలు ఒకేసారి కట్టేద్దామని నేను, ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దని మా ఆవిడ. నెల రోజులుగా ఇంట్లో ఇదే మాట. అనుభవం ఉన్నవారు చెప్పండి.

నాకు ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. 2020 చివర్లో ఇరవై ఏళ్ల గడువుతో 40 లక్షలు తీసుకున్నాను. అప్పుడు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అప్పు మీది వడ్డీ, 4 శాతం. దానిపై బ్యాంకు తనకోసం కలుపుకునే స్ప్రెడ్ 3, మొత్తం 7. నెలకు 31,012 రూపాయలు. 2022 మే నుంచి రెపో పెరుగుతూ 2023 ఫిబ్రవరికి 6.5కు చేరింది. నా వడ్డీ తొమ్మిదిన్నర అయింది. వాయిదా మాత్రం పైసా మారలేదు, అందుకే నేనూ పట్టించుకోలేదు. ఒక రాత్రి స్టేట్‌మెంటు తెరిచి చూస్తే, ఆ నెల కట్టిన 31,012లో 30,162 వడ్డీకే పోయింది. అసలుకు జమ అయింది 850. మిగిలిన నెలలు అన్నచోట నాలుగు వందలకు పైగా అంకె ఉంది. అంటే నాకు ఎనభై ఏళ్లు వచ్చేదాకా కట్టాలన్నమాట. ఆ వారమే వాయిదాను 38 వేలకు పెంచుకున్నాను. రెపో 5.25కు దిగాక ఇప్పుడు వడ్డీ 8.25. ఇలాగే కడితే ఇంకా పన్నెండేళ్లు పడుతుంది. నాకు 46.

మా ఆవిడ ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. అమ్మాయి తొమ్మిదో తరగతి. "రేపు అవసరం వస్తే బ్యాంకుకు ఇచ్చిన డబ్బు తిరిగి అడగగలమా?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మాదాపూర్ మదుపరి:
మీ శ్రీమతి గారి మాటే వినండి. 8.25 శాతానికి పన్నెండేళ్లపాటు అప్పు మరెక్కడా పుట్టదు. 25 లక్షలను సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లనే కొనే మంచి ఇండెక్స్ ఫండులో వేసి పన్నెండేళ్లు ముట్టుకోకుండా ఉంచండి. ఏడాదికి 10 శాతం చొప్పున పెరిగినా 80 లక్షల దాకా అవుతుంది. పైగా గృహరుణం మీద పన్ను మినహాయింపు కూడా ఉంది కదా.

నిజాంపేట నివాసి:
నేను కొత్త పన్ను విధానంలో ఉన్నానండీ. సొంతానికి ఉంటున్న ఇంటి వడ్డీకి అందులో మినహాయింపు లేదు. పాత విధానంలో 2 లక్షల వరకు ఉండేది.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సైనిక్‌పురి:
నేను చాలా ఏళ్లు రుణాల విభాగంలోనే పనిచేశాను, నా మాట కాస్త ఓపికగా వినండి.

25 లక్షలు కడితే మిగిలేది 10 లక్షలు. అదే 38 వేలు కడుతూ పోతే రెండున్నరేళ్లలో అప్పు తీరిపోతుంది. ఇప్పుడున్న లెక్కలో 146 నెలలు, అప్పుడు 29. అంటే 117 వాయిదాలు తప్పుతాయి. మాదాపూర్ బాబు 80 లక్షలు అన్నారు, నిజమే. కానీ పోలిక సగంలో ఆపేశారు. అప్పు తీరాక మిగిలే ఆ 38 వేలను అవే 117 నెలలు, అదే ఫండులో, అదే 10 శాతానికి వేస్తే దాదాపు 73 లక్షలు అవుతుంది. తేడా ఆరేడు లక్షలు. లాభం మీద 12.5 శాతం పన్ను పోతే ఇంకా తగ్గుతుంది. ఆ కాస్త తేడా కోసం 25 లక్షలను మొదటి రోజు నుంచే మార్కెట్టు చేతిలో పెట్టాలా? 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్, 2009 మార్చికి 8 వేల పైచిలుకుకు పడింది. పదవీ విరమణ డబ్బు అందులో పెట్టిన మా సహోద్యోగుల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసినా లాభం లేదు. ఆరున్నర శాతం వస్తే, 30 శాతం శ్లాబులో పన్ను పోను నాలుగున్నర మిగులుతుంది. మీరు కట్టే వడ్డీ 8.25. మీలాగా రెపోతో పాటు మారే చలన వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చినందుకు వ్యక్తుల నుంచి జరిమానా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు ఎప్పుడో ఆదేశించింది కాబట్టి ఆ భయమూ లేదు.

మాదాపూర్ మదుపరి:
లెక్క ఒప్పుకుంటున్నాను సర్. కానీ ఆ 38 వేలు నెలనెలా ఎవరు వేస్తారు? అప్పు తీరిన మరుసటి నెలే కొత్త కారు వస్తుంది. నా స్నేహితుల్లో ముగ్గురిని చూశాను.

కూకట్‌పల్లి గృహిణి:
మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2022లో మా వారి బోనసు, నా పేరున ఉన్న డిపాజిట్లు, చీటీ డబ్బు అన్నీ కలిపి 18 లక్షలు గృహరుణానికి కట్టేశాం. ఇంకా 9 లక్షలు మిగిలింది. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను. మరుసటి ఏడాది మా వారి ఉద్యోగం పోయింది. ఏడు నెలలు ఖాళీగా ఉన్నారు.

బ్యాంకుకు వెళ్లి, మేము పద్దెనిమిది లక్షలు ముందే కట్టాం కదా, ఆరు నెలలు ఆగండి అని అడిగాం. ముందు కట్టింది గడువు తగ్గించడానికి సరిపోయిందమ్మా, ఈ నెల వాయిదా ఈ నెలదే అన్నారు. నియమం ప్రకారం వారిది తప్పు కాదు. కానీ ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే! చివరికి నా గాజులు తాకట్టు పెట్టాం. తూకం యంత్రం మీద ఒక్కొక్కటీ పెడుతుంటే అంకె మారడం చూస్తూ కూర్చున్నాను. నాలుగో గాజు కాస్త వంగి ఉంటుంది, మా అమ్మాయి చిన్నప్పుడు కొరికింది. ఆ వంకరను తూకం వేస్తున్న అబ్బాయి వేలితో తడిమి పక్కన పెట్టాడు.

అప్పు తీర్చవద్దని నేను అనను. మొత్తం ఊడ్చి కట్టవద్దు. కనీసం ఏడాది ఖర్చు, ఏడాది వాయిదాలు చేతిలో ఉంచుకున్నాకే మిగతాది.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సైనిక్‌పురి:
అమ్మా, మీ మాట చదివాక నా సలహా మార్చుకుంటున్నాను. నిజాంపేట వారు 25 కాదు, 15 కట్టండి. మిగిలిన 20 లక్షలు అయిదున్నరేళ్లలో తీరుతుంది. అప్పటికి మీకు 52 కూడా నిండవు.

కట్టే ముందు రెండు పనులు చేయండి. ఒకటి, స్ప్రెడ్ తగ్గించమని లిఖితపూర్వకంగా అడగండి. కొత్తగా వచ్చేవారికి తక్కువ ఇస్తూ పాతవారిని అలాగే ఉంచడం మామూలు. అడిగినవారికే తగ్గుతుంది. రెండోది, ఓవర్‌డ్రాఫ్ట్ తరహా గృహరుణానికి మార్చే వీలుందో కనుక్కోండి. ఖాతాలో వేసిన డబ్బు మేరకు వడ్డీ పడదు, అవసరమైతే తిరిగి తీసుకోవచ్చు. వడ్డీ రేటు కాస్త ఎక్కువ ఉంటుంది. మీ శ్రీమతి గారి ప్రశ్నకు అసలైన జవాబు అదే.

అప్పు పూర్తిగా తీరిన రోజున సంబరంలో ఒకటి మరచిపోవద్దు. బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ పత్రం, అసలు సేల్ డీడ్ తీసుకోవడంతో పని అయిపోదు. టైటిల్ డీడ్ తాకట్టును సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రద్దు చేయించి, ఆస్తి మీద తాకట్టులు ఏవైనా ఉన్నాయో చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో ఆ రద్దు కనబడేదాకా వదలకండి. 2023 డిసెంబరు 1 నుంచి ఉన్న నిబంధన ప్రకారం 30 రోజుల్లో పత్రాలు తిరిగి ఇవ్వాలి. ఆలస్యానికి బ్యాంకు కారణమైతే రోజుకు 5,000 చొప్పున మీకు చెల్లించాలి.

నిజాంపేట నివాసి:
అందరికీ ధన్యవాదాలు. మీ మాటలన్నీ మా ఆవిడతో కలిసి కూర్చుని చదివాను. గాజుల దగ్గరికి వచ్చేసరికి తను ఫోను నా చేతికి ఇచ్చేసి లోపలికి వెళ్లింది.

ఓవర్‌డ్రాఫ్ట్ తరహా రుణం మా బ్యాంకులో లేదన్నారు. స్ప్రెడ్ మాత్రం చిన్న రుసుము కట్టించుకుని 3 నుంచి 2.65కు తగ్గించారు. ఇన్నేళ్లుగా నేను అడగనే లేదు! 15 లక్షలు కట్టాను. వాయిదా తగ్గించుకోలేదు, గడువే తగ్గించమన్నాను. ఈ నెల 38 వేలలో వడ్డీ 13,167, అసలుకు 24,833 జమ అయింది. మిగిలిన 13 లక్షలు డిపాజిట్ చేశాను.

కూకట్‌పల్లి గృహిణి:
చాలా సంతోషం అన్నయ్యా. ఆ 13 లక్షలు ఒకే బ్యాంకులో వేశారా? డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే. మూడు చోట్లకు విడదీయండి. వదినగారి పేరు కూడా కలపండి, ఆవిడ సంతకంతోనూ తీసుకునేలా ఉండాలి.